ఏడణాల వాటా

రొట్టెల పిండి కలుపుతున్న జాహేదా ఆ చేతులతోనే లేచి నిలబడింది. గోడ అవతల రాట్నం తిప్పుతున్న బక్కమ్మకు వినబడేటట్టు, బడిలో పాఠం అప్పజెప్పినట్టు అన్నది.

"ఆ వాటా మీద షఫా నాది. ఆ ధరకు నేనే కొంట."

రాట్నం ఆగింది. గోడ మీదుగా బక్కమ్మ తల పైకి వచ్చింది.

"ఏం గొంటవే? నేనేమంటి? చీరల ఫక్రుద్దీన్ సేటు పొద్దుగాల మీ బయటి అర్ర ముందర నిలవడి టేపు పట్టి కొలిపిచ్చిండు అంటి. అంతే గదా. దానికే ఉలిక్కిపడి లేస్తే ఎట్ల?"

లోపలి నుంచి అత్త హుస్సేన్ బీ నవ్వింది. నవ్వు సగంలోనే దగ్గు అయింది.

"కూసో బిడ్డా, పిండి ఎండుతది. మా పెద్దోడు తన వాటా ఇంక అమ్మలే. అమ్మకముందు అన్న మాట చెల్లదు. అమ్మకం అయ్యి, రిజిస్ట్రీ పడి, ఆ సంగతి నీ చెవులబడ్డప్పుడు అనాలె."

"ముందుగాల ఒకసారి అని పెట్టుకుంటే ఏమైతది అత్తమ్మా?"

"ఏం గాదు. గాలికి పోతది."

జాహేదా కూర్చుంది. పిండి మీద చేతులు ఆడుతున్నాయి కాని చెవులు మాత్రం దర్వాజా దగ్గరే ఉన్నాయి. బక్రీదు పోయినప్పటి నుంచి ఆమె బతుకు ఇదే. ఎవరు గల్లీలో గొంతు తగ్గించి మాట్లాడినా ఆమె లేచి నిలబడేది. పాలవాడు బావ రజాక్ పేరెత్తితే ఒకసారి, బస్టాండులో రజాక్‌ను చూశామని ఎవరో అంటే ఇంకోసారి, అదే మాట పైకే అన్నది. గల్లీలో ఆడవాళ్ళు "షఫా బీ వస్తాంది" అని నవ్వుకునేవాళ్ళు.

ఆ ఇల్లు నారాయణపేటలో, పొద్దంతా మగ్గాల చప్పుడు వినిపించే గల్లీలో ఉంది. వీధి వైపు బయటి అర్ర, ఒక్క గది. దాని పక్కనే ఇంటికంతటికీ ఒకటే దర్వాజా. లోపల ఇరుకు వాకిలి, వాకిలిని ఆనుకొని రెండు గదులు, వంటిల్లు, వెనుక నల్లా, మరుగుదొడ్డి. జాహేదా మామ ఆ ఇంటిని కట్టించి, ఎవరికీ ఏదీ రాసివ్వకుండానే పోయాడు. షరీయత్ ప్రకారం పెండ్లానికి ఎనిమిదో వంతు తీసి, మిగిలినది ఇద్దరు కొడుకులకు సమానంగా వస్తుంది. హుస్సేన్ బీ దాన్ని పాతకాలపు లెక్కలో చెప్పేది. "పదహారణాల ఇల్లు. నాయి రెండణాలు. రజాక్‌వి ఏడు, మెహమూద్‌వి ఏడు."

పెద్దవాడు రజాక్ రాయచూరులో టైర్లు బాగుచేసే దుకాణం పెట్టుకొని, పెండ్లాంబిడ్డలతో అక్కడే ఉండిపోయాడు. చిన్నవాడు మెహమూద్, జాహేదా భర్త, బొంబాయి లైన్‌లో లారీ నడుపుతాడు. నెలలో ఇంట్లో ఉండేది కొద్ది దినాలే. నికా నాడు పెండ్లానికి ఇస్తానని ఒప్పుకున్న మెహర్ సొమ్ము చేతికివ్వలేకపోయాడు. కూతురు సలీమా పుట్టిన ఏడు, ఆ మెహర్ కింద తన ఏడణాల వాటాను జాహేదా పేరు మీద రిజిస్ట్రీ చేయించాడు. తాలూకాలు పోయి మండలాలు వచ్చిన రోజులవి. ఆఫీసు మెట్లు దిగుతూ ఆమె అడిగింది.

"అయితే ఏ గది నాది?"

"గది గాదే, వాటా. గోడలల్ల, కప్పుల, నల్లా కాడ, అన్నిట్ల నీయి ఏడణాలు. ఇది నాదని గీత గీసి చూపియ్యరాదు. పంచుకునేదాంక గంతే."

"మరి ఉండుడెట్ల?"

"ఇన్నొద్దులు ఎట్లున్నం? గట్లనే."

ఏడో తరగతి నడుమ బడి మానిన జాహేదాకు ఆ సంగతి అర్థమైంది కాని మనసు ఒప్పలేదు. బిడ్డను పడుకోబెట్టే చోట కూడా బావవి ఏడణాలున్నాయి. ఉయ్యాల కోసం దూలానికి కొక్కెం కొట్టిన నాడు కూడా, ఎవరినైనా అడగాలేమో అని ఆమె ఆగింది. హుస్సేన్ బీ సుత్తె చేతికిచ్చి, "నా రెండణాల కాడ కొట్టుకో పో" అన్నది.

మొన్న బక్రీదుకు వచ్చిన రజాక్ తింటూ తింటూ తన వాటా అమ్ముతానని చెప్పాడు. దుకాణం పక్క జాగా అమ్మకానికొచ్చిందట, అది పోతే మళ్ళీ దొరకదట. జాహేదా తలుపు చాటున నిలబడి వింది.

"నన్నడగవా? మరదలు ఉన్న ఇల్లది," అన్నది హుస్సేన్ బీ.

"నా ఏడణాలు నేను అమ్ముకుంట. దానికి ఎవరి సంతకం అక్కరలేదని దస్తావేజులు రాసేటాయన చెప్పిండు. కొన్నోడు నా జాగల నిలవడుతడు, అంతే."

"వాడు పరాయోడు రా."

"మరి మీరే కొనుండ్రి," అని చెయ్యి కడుక్కొని లేచాడు. అది కోపమో, నిష్ఠూరమో తెలియదు. ఆయన పోయినంక హుస్సేన్ బీ తల మీద కొంగు సర్దుకొని ఆయన తిన్న పళ్ళెం తీసింది.

జాహేదా భయం ఒకటే. కొన్నవాడు బయటి అర్రలో నూలు బస్తాలు వేస్తాడు. బస్తాలు మోసే మగవాళ్ళు నల్లా దగ్గరికీ మరుగుదొడ్డికీ వాకిట్లో నుంచే పోతారు. పొమ్మనడానికి వీల్లేదు, వాకిట్లో కూడా వాళ్ళ సేటుకు ఏడణాలుంటాయి. లేదంటే పంచమని కోర్టుకు పోతాడు. మూడు మూరల వాకిలిని ఎవడు పంచుతాడు? పంచరాని ఇల్లని మొత్తం వేలం వేసి, తలా ఇన్ని చేతిలో పెట్టి పొమ్మంటారు. అప్పుడు బిడ్డను ఎత్తుకొని ఏ కిరాయి ఇంటికి పోవాలి? లారీ మీద తిరిగే మొగుడు, దగ్గే అత్త. ఆలోచన ఎటు మొదలుపెట్టినా ఆ వేలం దగ్గరికే వచ్చి ఆగేది.

షఫా సంగతి చెప్పింది హుస్సేన్ బీయే. కలిసి హక్కున్నవాళ్ళలో ఒకరు తమ వాటా బయటివాళ్ళకు అమ్మితే, మిగిలినవాళ్ళు అదే ధర ఇచ్చి ఆ వాటాను తమకు తిప్పుకోవచ్చు. అయితే అమ్మకం సంగతి వినీ వినగానే నోరు తెరిచి అడగాలి. ఆలస్యం చేస్తే ఒప్పుకున్నట్టే లెక్క. తర్వాత ఇద్దరు సాక్షుల ముందు, ఆ ఇంట్లోనో కొన్నవాని దగ్గరో మళ్ళీ చెప్పాలి.

"మా అబ్బకు తెల్వదా అది? తెలుసు," అన్నది హుస్సేన్ బీ. "మా చిన్నాయన చేనుల సగం అమ్ముకున్నడని మనిషొచ్చి చెప్పినప్పుడు మా అబ్బ అన్నం తింటాండు. తినుడు అయినంక, చెయ్యి కడుక్కొని, తువ్వాలతోని తుడుసుకొని, నాకు షఫా కావాలె అన్నడు. అవతలోళ్ళ వకీలు కోర్టుల అదే పట్టుకున్నడు. అన్నం తినెదాంక తీరుబడి ఉన్నోనికి చేను మీద ఆశ ఏడుందని. పోయింది."

ఆ మాట విన్నప్పటి నుంచి జాహేదా అన్నం కూడా సరిగా తినలేదు. ముద్ద నోట్లో ఉండగా ఎవరైనా వచ్చి చెబితే? ఆమె ఒంటి మీది బంగారం అమ్మి, తమ్ముడు కొంత సర్దితే ఆ ధర వస్తుంది. తమ్ముడు ఒప్పుకున్నాడు. అన్నీ సిద్ధమే. మిగిలింది తను ఆ గడియలో మెలకువగా ఉండటం. అదే ఆమెను తినేసింది.

ఎండలు ముదిరినప్పుడు సలీమాకు తట్టు పోసింది.

ఒళ్ళంతా ఎర్రగా పొక్కి, కండ్లు మూసుకుపోయి, పిల్ల ఊపిరికి డొక్కలు ఎగిరేవి. మెహమూద్ లారీ మీద ఉన్నాడు. సర్కారు దవాఖానలో డాక్టరమ్మ సీసా మందు ఇచ్చి, "జ్వరం దిగకపోయినా, డొక్కలు ఇట్లనే ఎగిరినా మళ్ళీ తీసుకరా, పాలమూరు పెద్ద దవాఖానకు పంపిస్త" అన్నది. ఆ మాటతో జాహేదాకు బయటి లోకం మాయమైంది. షఫా లేదు, ఇల్లు లేదు. పిల్ల ఛాతీ మీద చెయ్యి పెట్టి కూర్చునేది. చెయ్యి కింద ఆ చిన్న ఎముకలు లేచి పడుతుంటే తన ఊపిరి కూడా దానితో కలిపి పీల్చేది.

హుస్సేన్ బీ దర్వాజాకు వేపరొట్ట కట్టి, గడపలో పీట వేసుకొని కూర్చుంది. ఎవరు వచ్చినా, "తట్టు ఉన్నది, లోపలికి రాకుండ్రి" అని అక్కడి నుంచే పంపేది. గాజులమ్మే నర్సింగమ్మ చూసిపోతానని రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ హుస్సేన్ బీ గట్టిగా కసిరింది. ఎప్పుడూ ఎవరినీ కసరని మనిషి. పిల్ల మీద బెంగ అనుకుంది జాహేదా.

మందు అయిపోతే మళ్ళీ దవాఖానకు పోయి వస్తూ, సగ్గుబియ్యం కోసం లింగస్వామి కిరాణా దగ్గర ఆగింది. దుకాణం ముందర నలుగురు మాట్లాడుకుంటున్నారు. ఆమెను చూడగానే మాట తెగింది. ఒకడు బీడీ ఆర్పేశాడు. ఇంకొకడు ఆకాశం చూశాడు. లింగస్వామి గబగబా పొట్లం కట్టి చేతిలో పెట్టాడు.

"పైసలు?"

"తర్వాత ఇద్దువు గని. పిల్లను ఎండల నిలవెట్టకు, పో తల్లీ."

లింగస్వామి ఉద్దెర ఇచ్చే మనిషి కాదు. సొంత బావమరిదికే ఇవ్వడు. జాహేదా నాలుగు అడుగులు నడిచి వెనక్కి చూసింది. నలుగురూ ఆమె వైపే చూస్తున్నారు. కండ్లలో జాలి.

అప్పుడు ఆమెకు ఒకటే తోచింది. మెహమూద్ లారీ.

ఇంటికి వచ్చి గోడ దగ్గర నిలబడి పిలిచింది. "బక్కమ్మక్కా."

ఎక్కడో వెనుకదొడ్లో రాట్నం ఆగింది కాని తల పైకి రాలేదు.

"అక్కా, సలీమా వాళ్ళ అబ్బ సంగతి ఏమన్న తెలిసిందా?"

"నాకేం ఎరుక లేదే. నన్నేం అడగకు," అన్నది గోడ. తర్వాత నూలు కండెలు కింద పడిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు.

గల్లీలో ఏ ఇంట్లో ఏ కూర పోపు పెట్టారో చెప్పగలిగే బక్కమ్మ తనకేమీ తెలియదంటే, తెలిసింది ఎంత పెద్దదై ఉండాలి? జాహేదా గడపలోకి పోయి అత్త ముందర కూలబడింది.

"అత్తమ్మా, ఆయనకు ఏమైంది? చెప్పు. నేను తట్టుకుంట."

"వానికేమైంది? మంచిగున్నడు."

"అందరు నన్ను చూసి మాట బంద్ పెడుతున్నరు."

"తట్టు పిల్ల ఉన్న ఇల్లు. భయపడతరు."

"లారీ ఆఫీసుకు పోయి అడిగొస్త."

"అడుగు బయట పెట్టద్దు," అన్నది హుస్సేన్ బీ. ఆ గొంతు వింటే జాహేదాకు మిగిలిన అనుమానం కూడా పోయింది. కొడుకు పోయిన తల్లికే గొంతు అట్లా ఉంటుంది.

ఆ తర్వాత ఆమె అడగలేదు. అడిగితే చెబుతారని భయం. చెప్పనంత కాలం ఆయన ఎక్కడో లారీ నడుపుతూనే ఉంటాడు, ఏ ధాబా ముందరో మంచం మీద పడుకొని ఉంటాడు. పిల్ల నోట్లో మందు పోసేది, సగ్గుబియ్యం జావ పట్టేది, తడిగుడ్డ మార్చేది. కూర్చున్నచోటే కునుకు పట్టి, మళ్ళీ ఉలిక్కిపడి పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టేది. ఏడవడానికి కూడా ఒంట్లో సత్తువ లేదు.

ఒక పొద్దున సలీమా ఒళ్ళు చెమట పట్టి చల్లబడింది. కండ్లు తెరిచి, గొంతు కీచుగా అడిగింది. "అమ్మీ, రొట్టె."

జాహేదా పిల్ల ముఖం మీద ముఖం పెట్టి అట్లనే ఉండిపోయింది. డొక్కలు మెల్లగా లేచి పడుతున్నాయి. హుస్సేన్ బీ వచ్చి మనుమరాలి మెడ కింద చెయ్యి పెట్టి చూసి, "దిగింది" అన్నది. రొట్టె పాలలో నానబెట్టి తినిపించింది. జాహేదాకు కూడా ఒక రొట్టె పెట్టి, తినేదాకా ఎదురుగా నిలబడింది. చెయ్యి కడిగించింది. ముఖం కడుక్కోమని నీళ్ళిచ్చింది. అన్నీ అయినాక దర్వాజా వేపరొట్ట విప్పి, గోడ అవతలికి కేక వేసింది.

"బక్కమ్మా, పిలువు వాళ్ళను."

లింగస్వామి వచ్చాడు. వెనుక పెద్దులు వచ్చాడు, ఎదురింట్లో మగ్గం నేసే ముసలాయన, గల్లీలో పెండ్లికీ చావుకూ ముందర నిలబడే మనిషి. ఇద్దరూ చెప్పులు బయట విడిచారు. ఇద్దరి ముఖాల్లోనూ నవ్వు లేదు. హుస్సేన్ బీ వాకిట్లో చాప పరిచింది. బక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వచ్చి, జాహేదా చేతిలోంచి పిల్లను తీసుకుంది.

పిల్లను ఎందుకు తీసుకుంటున్నారో జాహేదాకు తెలుసు. తన అక్క మొగుడు పోయిన నాడు కూడా ముందుగా చంటిదాన్ని చేతిలోంచి తీసుకున్నారు, పడిపోతుందని. ఆమె వాకిట్లో గుంజను పట్టుకొని నిలబడింది.

"ఏడయింది?" అన్నది. "శోలాపూర్ దాటినంకనా?"

హుస్సేన్ బీ కోడలి ఎదురుగా వచ్చి నిలబడింది.

"జర మంచిగ విను బిడ్డా. రజాక్ తన ఏడణాల వాటా ఫక్రుద్దీన్ సేటుకు అమ్మిండు. రిజిస్ట్రీ అయింది."

జాహేదా ఆ మాటలు విన్నది. వాటిలో మెహమూద్ పేరు లేదు. లారీ లేదు. ఆమె గుంజ వెంబడి జారి కింద కూర్చుంది.

"అల్హందులిల్లా," అన్నది. కండ్ల నుంచి నీళ్ళు కారుతుంటే నవ్వింది. "ఆయన బతికే ఉన్నడా?"

లింగస్వామి పెద్దులును చూశాడు. పెద్దులు నేలను చూశాడు. హుస్సేన్ బీ ముఖం తెల్లబోయింది, కాని నోరు తెరవలేదు. షఫా మాట ఎవరూ అందించకూడదు, ఆమె అంతట ఆమే అనాలి. బక్కమ్మ మాత్రం ఆగలేక పిల్లను భుజం మీదికి ఎత్తుకుంటూ, "దినాం పొద్దుమాపు అంటివి గదనే, ఇయ్యాల ఏమొచ్చింది నీ నోటికి?" అని గొణిగింది.

అప్పుడు తట్టింది. జాహేదా లేవబోయింది, లేవలేకపోయింది. కూర్చునే అన్నది.

"ఆ వాటా మీద షఫా నాది. ఆ ధరకు నేనే కొంట. లింగస్వామన్నా, పెద్దులు మామా, మీరు సాక్ష్యం. ఈ ఇంట్ల కూసోని చెప్తున్న."

"విన్నం," అన్నాడు పెద్దులు.

"విన్నం తల్లీ," అన్నాడు లింగస్వామి, ఊపిరి వదిలి.

ఫక్రుద్దీన్ సేటు దుకాణం బజారు నడుమ ఉంటుంది. జాహేదా బుర్ఖా వేసుకొని, సాక్షులు ఇద్దరూ ముందు నడుస్తుంటే, బక్కమ్మను తోడు పెట్టుకొని పోయింది. దారిలో బక్కమ్మ అసలు సంగతి చెప్పింది. రిజిస్ట్రీ అయిన నాడే రజాక్ తల్లికి చెప్పి పోయాడట. ఆ పూటే హుస్సేన్ బీ ఇల్లిల్లూ తిరిగి, పిల్ల ఒళ్ళు చల్లబడేదాకా ఈ మాట కోడలి చెవిలో పడనియ్యొద్దని చేతులు పట్టుకొని అడిగిందట. వింటే ఆ క్షణం నుంచే గడువు. పిల్ల ఊపిరి చూసుకుంటూ కూర్చున్న మనిషి ఆ గడువు ఎట్లా పట్టుకుంటుంది?

"మరి అత్తమ్మ తనే అడగొచ్చు గదా? ఆమెయి రెండణాలున్నయి."

"నేను గూడ అదే అడిగిన. వాడు నా కడుపున పుట్టినోడు, వాడు అమ్మింది చెల్లదని నా నోటితోని ఎట్లంట, అన్నది. విన్నది, ఊకున్నది. ఆమె హక్కు అక్కడికి పాయె."



సేటు గద్దె మీద కూర్చొని చీరల మడతలు చూస్తున్నాడు. సంగతి విని అద్దాలు తీశాడు.

"బజారంత తెలుసమ్మా ఈ సంగతి. చాయ్ అమ్మేటోనికి గూడ తెలుసు. నీ ఒక్కదానికే తెల్వదా? నమ్ముమంటవా?"

"నాకు ఇయ్యాలనే తెలిసింది సేట్."

"పక్కింట్ల ఈమె ఉండంగ?" సేటు బక్కమ్మ వైపు చెయ్యి చూపాడు. "ఈమె నోట్ల ఒక్క మాట ఒక్క పూట నిలవడిందా ఎప్పుడన్న?"

దుకాణంలో పనివాళ్ళు నవ్వారు. బక్కమ్మ ముందుకు వచ్చింది.

"నవ్వుండ్రి. నేను పడ్డ బాధ మీకేం ఎరుక సేట్? అన్నం సయించలే. గోడ కాడికి పోతే మాట బయటికి వస్తదని రాట్నం ఎత్తి వెనుకదొడ్లె పెట్టుకున్న. ఈ పిల్ల నన్ను పిలిచి మొగని సంగతి అడిగితే, మొగడు కాదే ఇల్లు అని నాలుక చివరిదాంక వచ్చింది. తలుపేసుకొని ఏడ్చిన. మా ఇంటాయన నాకు జ్వరమొచ్చిందని మందు తెచ్చిండు."

ఈసారి సేటు కూడా నవ్వాడు. కాని వదల్లేదు. ఇంకో సంగతి పట్టుకున్నాడు. విన్న వెంటనే ఈమె ఏమన్నదని లింగస్వామిని అడిగాడు. లింగస్వామి దాచలేదు, ముందు అల్హందులిల్లా అన్నదని చెప్పాడు.

"సంతోషపడ్డట్టే గదా మరి. దేవునికి శుకర్ చెప్పి, అటెన్క షఫా యాదికొచ్చిందా?"

చెయ్యి కడుక్కున్నందుకు చేను పోగొట్టుకున్న మనిషి బిడ్డకు కోడలు జాహేదా. మొగుడు బతికి ఉన్నాడన్న సంతోషానికి ఇల్లు పోతుందా?

సేటే కాజీ సాబ్‌ను పిలిపించాడు. కాజీ సాబ్ వచ్చి, అన్నీ నెమ్మదిగా విని, గడ్డం నిమురుకున్నాడు.

"దేవుని పేరు తలుచుకునుడు ఆలస్యం కింద రాదు. కితాబులల్ల ఉన్నదే అది. ఏ వార్త విన్నా మనిషి నోటికి ముందుగాల వచ్చే మాట అది. ఇంక ఎప్పుడు విన్నదన్నది ఆమె ఈమాను మీద, ఆమె సత్తెం మీద ఉన్నది. నువ్వు కాదంటవా, పాలమూరు కోర్టు ఉన్నది. నడువు."

సేటు చాలాసేపు చీర అంచును వేళ్ళ మధ్య తిప్పాడు. ఎండకు దుకాణం రేకులు టపటపమంటున్నాయి.

"నూలు బస్తాలేసుకుందమని కొన్న," అన్నాడు చివరికి. "తగాదా ఏసుకుందమని కాదు. ఏడణాలు కొన్నా గోడ కట్టుకునే వీలు లేదాయె. కోర్టులు తిరిగే ఓపిక నాకు లేదు. నేను పెట్టింది నాకిచ్చి తిప్పి రాయించుకో. మొహర్రం లోపల."

జాహేదా తల ఊపింది. సంతోషం రావాలని చూసింది. రాలేదు. ఇంటికి పోయి పడుకోవాలని మాత్రం అనిపించింది.

మెహమూద్ తర్వాతి వారం వచ్చాడు. సంగతి అంతా విని, "అయితే గల్లీ అంత నన్ను సంపినవన్నమాట" అన్నాడు. ఆమె నవ్వకుండా ఆయన చొక్కా పట్టుకొని ఏడ్చింది. మెడలోదీ చేతులవీ అమ్మారు. తమ్ముడు ఇచ్చిన మాట మీద నిలబడ్డాడు. మొహర్రం లోపలే సేటు ఆ ఏడణాలను జాహేదా పేరు మీదికి తిప్పి రాశాడు. రజాక్ దగ్గరి నుంచి ఒకటే మాట వచ్చింది, రాయచూరు బస్సు కండక్టరు నోటి మీదుగా. అమ్మ నన్ను నలుగురి ముందర తక్కువ చేసింది, ఇంక ఆ గడప తొక్కను అని. హుస్సేన్ బీ ఆ మాట విని కండక్టరుకు మంచినీళ్ళిచ్చి పంపింది.

తమ్ముడిది తిరిగి ఇవ్వాలి. బయటి అర్ర ఊరికే ఉంది. దాన్ని కిరాయికి ఇస్తే ఎంతో కొంత తీరుతుంది. పెద్దులు కొడుకు వేరుపడ్డాడు, అతనికి మగ్గం వేసుకోవడానికి చోటు కావాలి. ఒక పొద్దున పెద్దులు కొడుకును వెంటబెట్టుకొని, గడ్డపార భుజాన వేసుకొని వచ్చాడు. అర్రలో నేలను మడమతో తట్టి చూశాడు.

"మగ్గానికి గుంత తవ్వాలె బిడ్డా. మనిషి కాళ్ళు దిగేటంత."

"తవ్వుండ్రి మామా."

పెద్దులు గడ్డపార దించలేదు. వాకిట్లో సలీమాకు తల దువ్వుతున్న హుస్సేన్ బీ వైపు చూశాడు.

"కిరాయంటే ఏమో గని, నేల తవ్వుడంటే హక్కున్నోళ్ళందరు సరే అనాలె. నీయి పద్నాలుగు అణాలైనా, ఆమెయి రెండు అట్లనే ఉన్నయి గద. రేపు మాట రావద్దు."

జాహేదా గడపలో నిలబడిపోయింది. ఇన్నాళ్ళు ఆ అర్ర ఎవరి చేతిలోకి పోతుందో అని భయపడింది కాని, అందులో రజాక్ పండుగలకు వచ్చి మూలకు మంచం వేసుకొని పడుకునేవాడన్న సంగతి ఆమెకు తోచలేదు. ఆయన ఇంక రానన్నాడు కూడా. అయినా అత్తను అడగడానికి నోరు రాలేదు.

"అత్తమ్మా, గుంత తవ్వుతరట."

హుస్సేన్ బీ దువ్వెన పిల్ల జుట్టులోనే ఉంచి లేచి వచ్చింది. అర్ర అంతా చూసింది. మూలకు పోయి అక్కడ చేత్తో గోడను తడిమి, రెండు అడుగులు వెనక్కి నడిచింది.

"ఆ కిటికీ దిక్కు తవ్వుండ్రి," అన్నది. "ఈ దిక్కు వద్దు. ఈడ మంచం పడాలె."

పెద్దులు జాహేదాను చూశాడు. మంచం పడితే మగ్గానికి చోటు ఇరుకవుతుంది. ఇరుకైతే కిరాయి తగ్గుతుంది.

"ఆమె చెప్పిన కాడ తవ్వుండ్రి మామా," అన్నది జాహేదా. వెనక్కి తిరిగి, వాకిట్లో దువ్వెన పీక్కుంటున్న పిల్ల దగ్గరికి పోయింది.